టేమ్ ఇంపాలా (సంగీత బృందం)

టేమ్ ఇంపాలా ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన సైకెడెలిక్ రాక్ సంగీత బృందం. ఈ పేరుతో 2007లో మొదలయింది. పేరుకు బృందమే అయినా ఆల్బంలలో వినిపించే పాటల రచన, స్వరకల్పన, గానం, వాద్యాలు, ధ్వనిముద్రణ దాదాపు అన్నీ కెవిన్ పార్కర్ అనే ఒక్క సంగీతకారుడి పనే. వేదికపై మాత్రం ఇతనితో పాటు మరికొందరు వాద్యకారులు పాల్గొంటారు. 1960ల చివరినాటి రాక్ సంగీతాన్ని గుర్తుకు తెచ్చే పాటలతో పేరు పొందిన ఈ బృందం క్రమంగా సింథసైజరు, డిస్కో, నృత్య సంగీతాల వైపు మళ్ళింది. 2010 నుండి 2025 వరకు అయిదు స్టూడియో ఆల్బంలు వెలువడ్డాయి. పాత సంగీతాన్ని ప్రేమించే కళాకారుడు దానిని అనుకరిస్తున్నాడా, లేక దాని ఆధారంగా కొత్త దారి వేస్తున్నాడా అన్న ప్రశ్న ఈ బృందం గురించిన చర్చల్లో మొదటినుండి వినిపిస్తూనే ఉంది.

సైకెడెలిక్ రాక్ నేపథ్యం

సైకెడెలిక్ రాక్ 1960ల మధ్యకాలంలో అమెరికా, బ్రిటన్‌లలో రూపు దిద్దుకొంది. మత్తులోనో కలలోనో కలిగే భ్రాంతిని శబ్దాలతో స్ఫురింపజేయడం ఈ శైలి ఉద్దేశం. ఇందుకోసం అప్పటి సంగీతకారులు గాయకులనూ వాద్యాలనూ మాత్రమే కాక ధ్వనిముద్రణ గదిని కూడా ఒక వాద్యంగా వాడుకొన్నారు. టేపును వెనుకకు తిప్పి వినిపించడం, ప్రతిధ్వనులు చేర్చడం, గిటారు శబ్దాన్ని కావాలని చెదరగొట్టడం వంటి ప్రయోగాలు ఈ విధంగానే పుట్టాయి. భారతీయ సంగీతపు ప్రభావం కూడా ఇందులో ఉంది. బీటిల్స్ బృందం 1966లో విడుదల చేసిన "రివాల్వర్" ఆల్బం చివరి పాటలో తంబూరా శ్రుతి ఎడతెగకుండా వినిపిస్తుంది. 1967లో పింక్ ఫ్లాయిడ్ బృందపు మొదటి ఆల్బం వెలువడింది. అదే సమయంలో జిమి హెండ్రిక్స్, క్రీమ్ బృందం బ్లూస్ సంగీతాన్ని హోరెత్తే గిటారుతో కలిపి మరొక మార్గం చూపారు.

1970ల తరువాత ఈ శైలికి ఆదరణ తగ్గినా పూర్తిగా కనుమరుగు కాలేదు. 1999లో అమెరికాకు చెందిన ఫ్లేమింగ్ లిప్స్ బృందపు "ద సాఫ్ట్ బులెటిన్", 2004లో స్వీడన్‌కు చెందిన డుంగెన్ బృందపు "తా దెత్ లుంగ్త్" అనే ఆల్బంలు కొత్త తరానికి ఈ శైలిని మళ్ళీ పరిచయం చేశాయి. డుంగెన్ సంగీతం పార్కర్‌కు ఇష్టమైనది. ఫ్లేమింగ్ లిప్స్ ఆల్బంలకు పనిచేసిన డేవ్ ఫ్రిడ్‌మన్ తరువాతి కాలంలో టేమ్ ఇంపాలా మొదటి రెండు ఆల్బంలకు మిక్సింగ్ చేశాడు.

కెవిన్ పార్కర్ బాల్యం

కెవిన్ పార్కర్ 1986 జనవరి 20న సిడ్నీలో జన్మించి పెర్త్‌లో పెరిగాడు. పెర్త్ పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రపు రాజధాని. హిందూ మహాసముద్ర తీరంలో ఉన్న ఈ నగరానికి, దానికి దగ్గరలోని మరో పెద్ద నగరమైన అడిలైడ్‌కు మధ్య 2,000 కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. పెద్ద సంగీత సంస్థలన్నీ దేశపు తూర్పు తీరంలోని సిడ్నీ, మెల్బోర్న్‌లలో ఉండడం వలన పెర్త్ కుర్రకారు తమలో తామే బృందాలు కట్టి, ఒకరి బృందంలో మరొకరు వాయించుకొనేవారు.

పార్కర్ తండ్రి జెర్రీ జింబాబ్వేలో పుట్టాడు. తల్లి రోజలిండ్ దక్షిణాఫ్రికాకు చెందినది. పార్కర్ చిన్నతనంలోనే వారిద్దరూ విడిపోయారు. తండ్రి వృత్తిరీత్యా అకౌంటెంటు అయినా పాతపాటలు వాయించే బృందాలలో గిటారు వాయించేవాడు. షాడోస్, బీచ్ బాయ్స్ వంటి పాత బృందాల సంగీతం పార్కర్‌కు తండ్రి ద్వారానే పరిచయమయింది. 2009లో తండ్రి క్యాన్సర్‌తో మరణించాడు. మొదటి ఆల్బం విడుదల కావడానికి ఇంకా ఏడాది ఉంది. ఈ లోటు చాలా ఏళ్ళ తరువాత పాటలలో బయటపడింది.

పార్కర్ సుమారు 12 ఏళ్ళ వయసులో రెండు క్యాసెట్ రికార్డర్లతో పాటలు చేయడం మొదలుపెట్టాడు. ముందు ఒక రికార్డరులో డ్రమ్స్ వాయించి నమోదు చేసేవాడు. దానిని వినిపిస్తూ పక్కన మరో వాద్యం వాయించి, రెండూ కలిసిన శబ్దాన్ని రెండవ రికార్డరులోకి ఎక్కించేవాడు. ఇలా ఒక్కడే బృందమంతా అయ్యేవాడు. ఈ పద్ధతిలో ప్రతి నకలుకూ టేపు రొద పెరుగుతుంది, శబ్దపు అంచులు అరిగిపోతాయి. పాత టేపుల మసకదనాన్ని తలపించే ధ్వని టేమ్ ఇంపాలా తొలి పాటలన్నిటిలో వినిపిస్తుంది. అందువలన ఈ బృందపు "పాతదనం" 1960ల రికార్డులను చూసి మాత్రమే నేర్చుకొన్నది కాదు, చవక పరికరాలతో ఒంటరిగా చేసిన సాధన కూడా అందుకు ఒక కారణం.

బృందం ఏర్పాటు

పార్కర్‌కు 13 ఏళ్ళ ప్రాయంలో పాఠశాలలో డొమినిక్ సింపర్‌తో స్నేహం కుదిరింది. వీరిద్దరి సంగీత సాహచర్యం టేమ్ ఇంపాలా కాలంలోనూ కొనసాగింది. 2005 ప్రాంతంలో పార్కర్ "డీ డీ డమ్స్" అనే చిన్న బృందాన్ని నడిపాడు. 2007లో దాని స్థానంలో టేమ్ ఇంపాలా వచ్చింది. జే వాట్సన్, నిక్ ఆల్‌బ్రూక్ తొలినాళ్ళలో ఇతనితో కలిసి వాయించారు. వీరిద్దరూ పాండ్ అనే మరో పెర్త్ బృందంలోనూ ముఖ్యులు. పార్కర్ కూడా కొంతకాలం పాండ్‌లో డ్రమ్స్ వాయించాడు.

ఇంపాలా ఆఫ్రికా ఖండపు గడ్డిమైదానాలలో తిరిగే ఒక జాతి జింక. "టేమ్" అంటే మచ్చికైన అని అర్థం. అడవి జంతువు హఠాత్తుగా ఎదురై, మనిషితో ఒక్క క్షణం మౌనంగా చూపు కలిపినప్పటి అనుభవం ఈ పేరులో ఉందని పార్కర్ వివరించాడు.

పార్కర్ పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో మొదట ఇంజనీరింగు, తరువాత ఖగోళశాస్త్రం చదివాడు. ఇంట్లో ముద్రించిన పాటలను మైస్పేస్‌లో ఉంచగా 2008లో సిడ్నీకి చెందిన మాడ్యులర్ రికార్డింగ్స్ సంస్థ అతనిని సంప్రదించింది. ఒప్పందం కుదిరాక పార్కర్ చదువు వదిలేశాడు. అదే ఏడాది సంస్థ అతని ఇంటి ముద్రణలనే బృందం పేరుతో ఒక ఈపీగా విడుదల చేసింది. ఇందులోని "హాఫ్ ఫుల్ గ్లాస్ ఆఫ్ వైన్" పాట బరువైన గిటారు, బ్లూస్ నడకలతో క్రీమ్ బృందాన్ని గుర్తుకు తెస్తుంది.

2009లో వచ్చిన "సన్‌డౌన్ సిండ్రోమ్" సింగిల్‌తో పాటు "రిమెంబర్ మి" అనే పాట కూడా ఉంది. ఇది బ్లూ బాయ్ రూపొందించిన 1990ల నాటి నృత్య గీతం. రాక్ బృందంగా పేరు తెచ్చుకొంటున్న దశలోనే నృత్య సంగీతం మీద మక్కువ ఉన్నదని ఈ ఎంపిక తెలుపుతుంది. తరువాతి మార్పులు హఠాత్తుగా వచ్చినవి కావనడానికి ఇది ఒక ఆధారం.

ధ్వని పరిణామం

ఇన్నర్‌స్పీకర్ (2010)

మొదటి ఆల్బం 2010 మే 21న విడుదలయింది. దీనిని 2009 మధ్యలో పెర్త్‌కు దక్షిణాన ఇంజిడప్ వద్ద, సముద్రానికి ఎదురుగా ఉన్న వేవ్ హౌస్ అనే ఇంట్లో ముద్రించారు. మిక్సింగ్ మాత్రం అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో డేవ్ ఫ్రిడ్‌మన్ స్టూడియోలో జరిగింది. సింపర్, వాట్సన్ కొద్దిచోట్ల వాయించినా అధికభాగం పార్కర్ ఒక్కడిదే.

ఈ ఆల్బంలో గిటారే ప్రధానం. అయితే ఆ గిటారు చాలాచోట్ల గిటారులా వినిపించదు. ఫేజర్ అనే పరికరం గుండా వెళ్ళి అలలుగా, సుడులుగా వినిపిస్తుంది. డ్రమ్స్ దట్టంగా, ముందుకు తోసుకువచ్చినట్లు ఉంటాయి. గొంతు మాత్రం ప్రతిధ్వనిలో మునిగి వెనుకగా వినిపిస్తుంది. సన్నని తారస్థాయి గొంతును విమర్శకులు జాన్ లెన్నన్ గొంతుతో పోల్చారు. ఏకాంతాన్ని ఆనందంగా వర్ణించే "సాలిట్యూడ్ ఈజ్ బ్లిస్" ఈ ఆల్బంలో పేరు పొందిన పాట. ఆస్ట్రేలియా రేడియో కేంద్రం ట్రిపుల్ జె ఇచ్చే జె అవార్డు 2010లో ఈ ఆల్బానికి లభించింది.

లోనరిజం (2012)

రెండవ ఆల్బం 2012 అక్టోబరులో వెలువడింది. పెర్త్‌లోనూ, పార్కర్ కొంతకాలం నివసించిన పారిస్‌లోనూ దీనిని ముద్రించారు. ఇందులో గిటారు పాలు తగ్గి సింథసైజరు పాలు పెరిగింది. అమెరికన్ సంగీతకారుడు టాడ్ రండ్‌గ్రెన్ 1970ల ఆల్బంల ప్రభావం దీనిపై ఉంది. పార్కర్ చేతిలో ఇమిడే రికార్డరుతో పట్టుకొన్న మనుషుల మాటలు, చుట్టుపక్కల శబ్దాలు కూడా అక్కడక్కడా పాటలలో కలిసిపోయి ఉన్నాయి.

మొదటి ఆల్బంలో ఏకాంతం ఒక సుఖం. ఇక్కడ అదే ఒక లోటుగా మారింది. ముఖచిత్రం పార్కర్ స్వయంగా తీసిన ఫోటో. పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో జనం ఎండ కాగుతుండగా, కెమెరా మాత్రం ఇనుప కటకటాలకు బయట నిలబడి చూస్తుంది. ఆల్బం చెప్పదలచుకొన్నదంతా ఈ చిత్రంలో ఉంది. "ఎలిఫెంట్", "అపోకలిప్స్ డ్రీమ్స్" అనే పాటలను పార్కర్, వాట్సన్ కలిసి రాశారు. "ఫీల్స్ లైక్ వి ఓన్లీ గో బ్యాక్‌వర్డ్స్" విస్తృతంగా ప్రచారం పొందింది. బ్రిటన్ పత్రిక ఎన్‌ఎమ్‌ఇ దీనిని 2012 సంవత్సరపు ఉత్తమ ఆల్బంగా ఎంపిక చేసింది. జె అవార్డు ఈ బృందానికి రెండవసారి దక్కింది.

కరెంట్స్ (2015)

2015 జూలై 17న వచ్చిన మూడవ ఆల్బం బృంద చరిత్రలో పెద్ద మలుపు. పెర్త్ సమీపంలోని ఫ్రీమాంటిల్‌లో ఉన్న సొంత ఇంటి స్టూడియోలో పార్కర్ దీనిని రూపొందించాడు. ఈసారి మిక్సింగ్ కూడా తానే చేసుకొన్నాడు. గిటారు చాలావరకు వెనుకకు వెళ్ళింది. సింథసైజరు, డిస్కో లయ, ఆర్ అండ్ బి తరహా గానం ముందుకు వచ్చాయి. ప్రతిధ్వని తెర తొలగి గొంతు స్పష్టంగా వినిపించింది. బీ గీస్ బృందపు డిస్కో పాటలలో దాగి ఉన్న విషాదం తనను కదిలించిందని పార్కర్ ఇంటర్వ్యూలలో చెప్పాడు.

మొదటి పాట "లెట్ ఇట్ హ్యాపెన్" నిడివి సుమారు 8 నిమిషాలు. పాట నడుమ ఒక చిన్న ముక్క, గీతపడ్డ సీడీ ఆగిపోయినట్లు, మళ్ళీ మళ్ళీ అక్కడే తిరుగుతుంది. 1960లలో టేపును వాద్యంగా వాడుకొన్నట్లే ఇక్కడ డిజిటల్ లోపాన్ని వాద్యంగా వాడారు. పైకి పాత శైలికి దూరమైనట్లు కనిపించే ఈ పాట సైకెడెలిక్ రాక్ అసలు సూత్రానికి దగ్గరగా ఉందని చెప్పడానికి ఇది చాలు. ముఖచిత్రంలో సమాంతర రేఖల ప్రవాహం ఒక గోళాన్ని తాకి సుడులుగా చెదిరిపోతూ ఉంటుంది. ఆల్బం విషయం కూడా మార్పును ఎదిరించలేక దానికి లొంగిపోయే మనిషి అంతరంగమే.

గిటారు రాక్ కోసం వచ్చిన అభిమానులలో కొందరు ఈ మార్పుకు నిరాశ చెందారు. అయినా ఆల్బం ఆస్ట్రేలియా జాబితాలో మొదటి స్థానాన్ని, అమెరికా బిల్‌బోర్డ్ 200 జాబితాలో 4వ స్థానాన్ని చేరింది. ఇందులోని "ద లెస్ ఐ నో ద బెటర్" పాట 2020లో ట్రిపుల్ జె నిర్వహించిన దశాబ్దపు 100 పాటల ఓటింగులో ప్రథమ స్థానంలో నిలిచింది.

ద స్లో రష్ (2020)

నాలుగవ ఆల్బం అయిదేళ్ళ విరామం తరువాత 2020 ఫిబ్రవరి 14న విడుదలయింది. 2018 నవంబరులో అమెరికాలోని మాలిబూలో పార్కర్ అద్దెకు ఉన్న ఇల్లు ఉల్సీ కార్చిచ్చులో కాలిపోయింది. అతను లాప్‌టాప్‌తో, తన పాత హాఫ్నర్ బేస్ గిటారుతో బయటపడ్డాడు.

కాలం ఈ ఆల్బం వస్తువు. మొదటి పాట "వన్ మోర్ ఇయర్" కాగా చివరిది "వన్ మోర్ అవర్". నమీబియా ఎడారిలో జనం వదిలివెళ్ళిన వజ్రాల గనుల పట్టణం కోల్‌మన్‌స్కోప్‌లో, ఇసుక నిండిన ఒక గది ముఖచిత్రంగా ఉంది. "పోస్ట్యుమస్ ఫర్‌గివ్‌నెస్" అనే పాటలో పార్కర్ తన తండ్రిని ఉద్దేశించి పాడాడు. రెండు భాగాలున్న ఈ పాట మొదట కోపంతో, నిష్ఠూరంతో నడిచి, రెండవ భాగంలో చెప్పుకోలేకపోయిన ముచ్చట్ల వైపు, క్షమ వైపు మళ్ళుతుంది. "లాస్ట్ ఇన్ యెస్టర్‌డే" పాట గతాన్ని అతిగా తలచుకోవడంలోని ప్రమాదాన్ని గురించినది. పాత సంగీతపు వారసుడుగా పేరుపడ్డ కళాకారుడు ఈ విషయాన్ని ఎంచుకోవడం గమనించదగినది. 2020 మార్చిలో మొదలైన ప్రదర్శన యాత్ర కోవిడ్-19 కారణంగా ఆగిపోయింది.

డెడ్‌బీట్ (2025)

అయిదవ ఆల్బం 2025 అక్టోబరు 17న కొలంబియా రికార్డ్స్ ద్వారా వెలువడింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఊరికి దూరంగా ఆరుబయట రాత్రంతా జరిగే "బుష్ డూఫ్" నృత్య వేడుకలు దీనికి ప్రేరణ. హౌస్, టెక్నో సంగీతపు యాంత్రిక లయ ఈ ఆల్బానికి ఆధారం. మొదటి ఆల్బం ముద్రించిన వేవ్ హౌస్‌ను పార్కర్ ఆ తరువాతి కాలంలో కొనుగోలు చేశాడు. ఈ ఆల్బం పని కొంత ఆ ఇంట్లోనే జరిగింది. "ఎండ్ ఆఫ్ సమ్మర్", "లూజర్", "డ్రాక్యులా" ముందుగా విడుదలైన పాటలు. విమర్శకుల నుండి ఈ ఆల్బానికి మిశ్రమ స్పందన లభించింది.

సంగీత శైలి, పద్ధతులు

అయిదు ఆల్బంలలో వాద్యాలు మారినా కొన్ని లక్షణాలు మారలేదు.

ఫేజర్: ఈ పరికరం వచ్చిన శబ్దాన్ని రెండు పాయలుగా చీల్చి, ఒక పాయ తరంగాల దశను కొద్దిగా జరిపి, తిరిగి రెండింటినీ కలుపుతుంది. కొన్ని పౌనఃపున్యాలు ఒకదానినొకటి రద్దు చేసుకొంటాయి. రద్దయ్యే చోటు నిరంతరం కదులుతూ ఉండడం వలన శబ్దం సుడి తిరిగినట్లు వినిపిస్తుంది. పార్కర్ దీనిని గిటారుకే కాక డ్రమ్స్‌కూ, కొన్నిచోట్ల పాట మొత్తానికీ వాడాడు.

ఫజ్: గిటారు సంకేతాన్ని పరిమితికి మించి పెంచినప్పుడు తరంగపు శిఖరాలు తెగిపోతాయి. నున్నని స్వరం గరుకుగా, నిండుగా మారుతుంది. తొలి రెండు ఆల్బంలలో దీని వాడకం ఎక్కువ.

కంప్రెషన్: పెద్ద శబ్దాలను అణచి, చిన్న శబ్దాలను పైకి తెచ్చే ప్రక్రియ ఇది. డ్రమ్ దెబ్బ తరువాత మిగిలే గది ప్రతిధ్వని కూడా దీనివలన గట్టిగా వినిపిస్తుంది. టేమ్ ఇంపాలా డ్రమ్స్‌కు గల ప్రత్యేక గుర్తింపునకు ఇది ముఖ్య కారణం.

గానం: సన్నని తారస్థాయి గొంతును పలుమార్లు ముద్రించి ఒకదానిపై ఒకటి పేర్చడం మొదటినుండి ఉన్న అలవాటు. మొదట్లో ప్రతిధ్వని మాటున దాగిన ఈ గొంతు కరెంట్స్ నాటికి బయటికి వచ్చింది.

సాహిత్యం: ఒంటరితనం, తనమీద తనకు అపనమ్మకం, మార్పు, గడచిన కాలం అనే విషయాలే తరచుగా కనిపిస్తాయి. ఉల్లాసంగా నడిచే లయపై దిగులు నిండిన మాటలు కూర్చడం పార్కర్ రచనలోని విశేషం.

రెట్రో ముద్రపై చర్చ

పాతకాలపు శైలిని అనుసరించే బృందాలను "రెట్రో" అని వ్యవహరిస్తారు. ఇన్నర్‌స్పీకర్ వచ్చినప్పుడు ఈ మాట టేమ్ ఇంపాలాకు ప్రశంసగానూ, ఆక్షేపణగానూ వర్తించింది. 1967 నాటి ధ్వనిని అచ్చంగా తిరిగి చేయడమే లక్ష్యమైతే బృందం అక్కడే ఆగి ఉండేది. కాని ప్రతి ఆల్బంలోనూ ముందటి ఆల్బంలోని ప్రధాన వాద్యాన్ని తగ్గించుకొంటూ రావడం కనిపిస్తుంది. గిటారు నుండి సింథసైజరుకు, అక్కడినుండి డిస్కోకు, చివరకు యాంత్రిక లయకు ఈ ప్రయాణం సాగింది. ప్రతి దశలోనూ 1970ల, 1980ల, 1990ల సంగీతపు ఛాయలు ఉన్నాయి. అంటే గతంతో సంబంధం తెగలేదు, ఆ గతం ఏ దశాబ్దానిది అన్నదే మారింది. గది, యంత్రం, ఒంటరి మనిషి అనే మూడూ మాత్రం రెండు క్యాసెట్ రికార్డర్ల నాటినుండి అలాగే ఉన్నాయి.

ప్రదర్శన బృందం

ఒంటరిగా చేసిన పాటలను వేలమంది ముందు వాయించవలసి రావడం ఈ బృందపు ప్రత్యేక సమస్య. ఆల్బం పూర్తయిన తరువాతనే మిగతా సభ్యులు పాటలను నేర్చుకొంటారు. 2012లో ఫ్రాన్స్‌కు చెందిన జులియన్ బార్బగాలో డ్రమ్స్ బాధ్యత తీసుకోగా, వాట్సన్ డ్రమ్స్ నుండి కీబోర్డుకు మారాడు. 2013లో ఆల్‌బ్రూక్ వైదొలగగా కామ్ ఏవరీ బేస్ గిటారు వాయించాడు. సింపర్ గిటారు, సింథసైజరు వాయిస్తాడు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవంలో ఈ బృందం ప్రధాన ప్రదర్శన ఇచ్చింది.

ప్రభావం

కరెంట్స్ తరువాత ప్రజాదరణ గల పాప్ కళాకారులు పార్కర్ సంగీతాన్ని వెదుక్కొంటూ వచ్చారు. కరెంట్స్ చివరి పాటను రిహానా తన 2016 నాటి "యాంటి" ఆల్బంలో స్వయంగా పాడింది. మార్క్ రాన్సన్, లేడీ గాగా, ట్రావిస్ స్కాట్ పాటలలో పార్కర్ పాలుపంచుకొన్నాడు. 2024లో వచ్చిన దువా లిపా ఆల్బం "రాడికల్ ఆప్టిమిజం" రూపకర్తలలో ఇతడొకడు. ఫ్రాన్స్ ద్వయం జస్టిస్‌తో కలిసి చేసిన "నెవరెండర్" పాటకు 2025లో ఉత్తమ నృత్య/ఎలక్ట్రానిక్ ముద్రణగా గ్రామీ పురస్కారం లభించింది. రాక్ బృందంగా మొదలైన టేమ్ ఇంపాలాకు గ్రామీ నృత్య సంగీత విభాగంలో రావడం విశేషం.

పురస్కారాలు

జె అవార్డు: ఇన్నర్‌స్పీకర్ (2010), లోనరిజం (2012)
ఆరియా సంవత్సరపు ఉత్తమ ఆల్బం: లోనరిజం (2013), కరెంట్స్ (2015), ద స్లో రష్ (2020)
బ్రిట్ అవార్డు, ఉత్తమ అంతర్జాతీయ బృందం: 2016
గ్రామీ పురస్కారం: "నెవరెండర్" (జస్టిస్‌తో కలిసి, 2025)

స్టూడియో ఆల్బంలు

ఇన్నర్‌స్పీకర్ (2010)
లోనరిజం (2012)
కరెంట్స్ (2015)
ద స్లో రష్ (2020)
డెడ్‌బీట్ (2025)